డీర్‌ఫుట్ మీద రోజూ వెళ్ళేవాళ్ళకి

(కాల్గరీ తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఇక్కడున్నవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. బతికుండగా ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ మాస్టారే. కొత్తగా ఊళ్ళోకి వచ్చిన కుర్రాడెవడైనా, "క్రోచైల్డ్ మీద వచ్చానండీ, ట్రాఫిక్ ఎక్కువగా ఉంది" అంటే, ఆయన వడ్డిస్తున్న గరిటె ఆపి, "క్రోచైల్డ్ ఎవరు నాయనా?" అని అడిగేవారు. కుర్రాడు తెల్లమొహం వేసేవాడు. క్రోచైల్డ్ అంటే రోడ్డు. మనిషి కూడానని ఎవరూ చెప్పలేదు కదా! డేవిడ్ క్రోచైల్డ్ ఈ ఊరి నైరుతి సరిహద్దును ఆనుకుని ఉన్న సూటీనా జాతి పెద్ద. అది చెప్పాకే మాస్టారు పప్పు వడ్డించేవారు.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం "ఈ ప్రాంతపు మహనీయుల స్ఫూర్తిదాయక జీవితాలు". ఒప్పుకున్నాను గానీ, అందులో ఒక మాట దగ్గర నాకు కొంచెం జంకు ఉంది. స్ఫూర్తి కోసం చెప్పే కథలన్నిటినీ ముందు ఎవరో ఒకరు కత్తెర పట్టుకుని కత్తిరించి ఉంటారు. మనకిది చిన్నప్పటి నుంచీ అలవాటే. వీధి దీపం కింద చదువుకుని పెద్దవాడయ్యాడని ఎంతమంది గురించి విన్నామో! ఆ దీపం కింద చదివి పెద్దవాళ్ళు కాలేకపోయినవాళ్ళ గురించి ఏ పాఠ్యపుస్తకమూ రాయలేదు. అందుకని ఇవాళ కత్తెరలో రాలిపోయిన ముక్కల్ని కూడా ఏరి చెబుతాను. కథ చిన్నబోతే నన్ను క్షమించండి. నాకైతే అవి కలిపితేనే పెద్దదవుతుందనిపిస్తుంది.

ముందు క్రోఫుట్. వాయవ్యాన ఉన్నవాళ్ళంతా సినిమాకీ సరుకులకీ వెళ్ళేది ఆయన పేరున్న చోటికే. రైలు స్టేషనూ ఆయన పేరే. అసలు పేరు ఇసాపో-ముక్సికా. సుమారు 1830లో కైనై జాతిలో పుట్టి, సిక్సికా జాతిలో పెరిగి, వాళ్ళకే నాయకుడయ్యాడు. 1877 సెప్టెంబర్ 22న, ఇక్కడికి తూర్పున బో నది ఒడ్డున బ్లాక్‌ఫుట్ క్రాసింగ్ దగ్గర, ఏడో ఒడంబడిక మీద గుర్తు వేసినవాళ్ళలో ఆయనే ముఖ్యుడు. రాణీగారి తరఫున వచ్చినవాళ్ళు లెఫ్టినెంట్ గవర్నర్ డేవిడ్ లెయర్డ్, పోలీసు అధికారి జేమ్స్ మెక్లౌడ్. రెండో ఆయన్ని కూడా మీరెరుగుదురు. మెక్లౌడ్ ట్రయిల్ మీద కారు షోరూముల మధ్య ఆయన ఇప్పటికీ ఉన్నాడు.

ఆ ఒడంబడికతో దాదాపు లక్షా ముప్ఫై వేల చదరపు కిలోమీటర్ల నేల చేతులు మారింది. అంటే మనం ఇళ్ళు కట్టుకుని, తనఖాలు తీరుస్తూ, వెనక పెరట్లో గోంగూర మొలుస్తుందా లేదా అని బెంగపడే నేలంతా అందులోదే. బదులుగా ఒక్కొక్కరికి ఏటా ఐదు డాలర్లు. ఇప్పటికీ ఐదే! నూట నలభై ఏళ్ళు దాటినా ఆ అంకె కదల్లేదు. ఏటా ఒకరోజు ప్రభుత్వ ప్రతినిధులు వచ్చి ఆ ఐదు డాలర్ల నోటు చేతికిచ్చి వెళ్తారు.

క్రోఫుట్ గురించి మామూలుగా చెప్పే కథ ఇలా ఉంటుంది: దూరదృష్టి గల నాయకుడు, శాంతికాముకుడు, 1885లో మెటీ, క్రీ జాతులవాళ్ళు తిరగబడినప్పుడు తన జనాన్ని కట్టడి చేసినవాడు. అందుకు మెచ్చి కెనేడియన్ పసిఫిక్ రైల్వే వాళ్ళు జీవితాంతం ఉచితంగా తిరగడానికి పాసు ఇచ్చారు. గొలుసు కట్టి మెళ్ళో వేసుకున్న ఆ పాసుతో ఆయన ఫోటోలున్నాయి. ఈ కథలో అబద్ధమేమీ లేదు. రాలిపోయిన ముక్క ఏమిటంటే, ఒడంబడిక జరిగిన రెండేళ్ళకే, 1879 నాటికి, ఈ మైదానాల్లో అడవిదున్నలు అయిపోయాయి. తిండి, బట్ట, గుడారం అన్నీ వాటి నుంచే వచ్చే జనం అది. మిగిలిన మంద కోసం అమెరికాలోని మాంటానా దాకా వెళ్ళి, ఏమీ దొరక్క, ఎండిపోయి తిరిగొచ్చారు. తర్వాత రైలు పట్టాలు వాళ్ళ నేల మీదికే వచ్చిపడ్డాయి. గొడవ ముదరకుండా లాకోంబ్ అనే ఫాదరీ టీ, పంచదార, పొగాకు, పిండి పంచిపెట్టి సర్దిచెప్పాడు. 1883 ఆగస్టులో రైలు కాల్గరీ చేరింది. శాంతి అని మనం మెచ్చుకుంటున్న దాని వెనక ఆకలి ఎంతుందో, లెక్క వేసుకున్న వివేకం ఎంతుందో విడదీయడం కష్టం. తిరుగుబాటులో నేరం మోపి జైల్లో పెట్టిన క్రీ నాయకుడు పౌండ్‌మేకర్ క్రోఫుట్‌కు దత్తపుత్రుడు. విడుదలయ్యాక తండ్రిని చూడ్డానికి వచ్చి, 1886లో ఆయన దగ్గరే కన్నుమూశాడు. తిరగబడ్డాడని జైలుకెళ్ళిన కొడుకూ, తిరగబడని తండ్రీ. రైల్వే పాసు కథ చెప్పేవాళ్ళు ఇది చెప్పరు.

మరో విచిత్రం ఉంది. 1890లో చనిపోతూ క్రోఫుట్ జీవితం గురించి కొన్ని అందమైన వాక్యాలు పలికాడని పోస్టర్ల మీదా, గ్రీటింగు కార్డుల మీదా అచ్చువేస్తారు. మన వాట్సాప్ గుంపుల్లో కూడా ఒకటి రెండుసార్లు తిరిగాయి. దాదాపు అవే మాటలు, అవే ఉపమానాలు 1885లో వచ్చిన రైడర్ హాగర్డ్ నవల 'కింగ్ సాలమన్స్ మైన్స్'లో ఒక ఆఫ్రికన్ పాత్ర నోట ఉన్నాయి. అంటే మనల్ని కదిలించిన వాక్యాలు ఒక ఆంగ్లేయుడి సాహస నవల నుంచి నడిచొచ్చాయన్నమాట. ఒడంబడికను కాపాడమని, తిండి గింజలు పంపమని ఆయన నిజంగా మొత్తుకున్నవి మాత్రం ఏ పోస్టరు మీదా లేవు.

ఇక జాన్ వేర్. ఈయన కథ పిల్లలకి భలే నచ్చుతుంది, చెప్పి చూడండి. అమెరికాలో బానిసగా పుట్టాడు. అంతర్యుద్ధం తర్వాత విముక్తుడై, పశువులు తోలే పనిలో ఆరితేరాడు. 1882లో టామ్ లించ్ అనే పెద్ద మేస్త్రీ ఐడహో వైపు నుంచి మూడు వేల పశువుల మందని ఇక్కడి బార్ యూ రాంచ్‌కి తోలుకొస్తూ ఈయన్ని పనిలో పెట్టుకున్నాడు. నల్లవాడు కదా అని పాత జీను, ముసలి గుర్రం ఇచ్చి, రాత్రి కాపలా పని అప్పజెప్పారట. కొన్నాళ్ళకి ఆయన వచ్చి, జీను కాస్త మంచిదీ, గుర్రం కాస్త చెడ్డదీ ఇప్పించమని అడిగాడట. సరదా చూద్దామని అందరినీ పడేసే గుర్రాన్ని ఇస్తే, దాన్ని లొంగదీసి కూర్చున్నాడట. అన్నిటికీ "అట" తగిలిస్తున్నాను, గమనించారా? ఈ కథలు జనంలోకి బలంగా వెళ్ళింది గ్రాంట్ మెక్యూవన్ 1960లో రాసిన పుస్తకంతో. ఆయన తర్వాత ఈ ఊరికి మేయరూ, ఈ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరూ అయ్యాడు. మంచి కథకుడు. మంచి కథకుల చేతిలో పడ్డ మనుషులకి కండలు పెరుగుతాయి.

కండలు పక్కన పెడితే మిగిలే జాన్ వేర్ నాకు ఇంకా ఇష్టం. సొంతంగా పశువులు కూడబెట్టుకున్నాడు. వాటికి వేసిన ముద్ర నాలుగు తొమ్మిదులు. 1892లో మిల్డ్రెడ్ లూయిస్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె చదువుకున్న మనిషి. తర్వాత రెడ్ డీర్ నది దగ్గరికి మకాం మార్చారు. 1902 వరదలో ఇల్లు కొట్టుకుపోతే కాస్త ఎత్తులో మళ్ళీ కట్టుకున్నారు. 1905 వసంతంలో మిల్డ్రెడ్ చనిపోయింది. ఆ సెప్టెంబర్ ఒకటిన ఆల్బర్టా రాష్ట్రంగా ఏర్పడింది. పదిహేను రోజులు తిరక్కుండానే, గుర్రం కాలు బాడ్జర్ తవ్విన బొరియలో పడి, తిరగబడి, కిందపడ్డ జాన్ వేర్ చనిపోయాడు. ఎంత అణకువైన గుర్రానికైనా బొరియ ఎక్కడుందో తెలియదు. చిన్న పిల్లలు ఐదుగురు మిగిలారు. అమ్మమ్మా తాతయ్యా పెంచారు. కాల్గరీలో ఆయన అంత్యక్రియలకి జనం విరగబడి వచ్చారు. సమాధి ఇక్కడే, యూనియన్ సెమెటరీలో ఉంది. ఆయన చెక్క ఇంటిని ఇప్పుడు డైనోసార్ ప్రొవిన్షియల్ పార్కులో చూడొచ్చు. మనవాళ్ళు పార్కుకెళ్ళి రాకాసిబల్లి ఎముకలతో ఫోటో దిగి వచ్చేస్తారు. ఈసారి ఆ ఇల్లు కూడా చూసి రండి.

అంత గౌరవం పొందిన మనిషి పేరు ముందు అప్పటి పత్రికలూ జనమూ తగిలించిన జాతి తిట్టు ఒకటుంది. దాన్ని నేను ఈ వేదిక మీద పలకను. ఆయన పేరుతో ఉన్న కొండ గట్టుకి కూడా మ్యాపుల్లో ఇరవయ్యో శతాబ్దం రెండో సగం దాకా ఆ తిట్టే ఉంది. "అందరూ ప్రేమించారు" అనే వాక్యమూ, ఆ మ్యాపూ రెండూ ఈ నేలవే. కాల్గరీలోనే పుట్టి పెరిగిన నల్లజాతి రచయిత్రి షెరిల్ ఫోగో ఏళ్ళ తరబడి ఈ చిక్కుముడి విప్పి, 2020లో 'జాన్ వేర్ రీక్లెయిమ్డ్' అనే డాక్యుమెంటరీ తీసింది. దొరికితే తప్పక చూడండి.

ఆయన పోయిన ఆరేళ్ళకి, 1911 ఆగస్టులో, ఒట్టావాలోని మంత్రివర్గం ఒక ఉత్తర్వు మీద సంతకం చేసింది. నల్లవాళ్ళు ఈ దేశపు వాతావరణానికి తగరు కాబట్టి ఏడాదిపాటు రానివ్వకూడదని. వాతావరణమట! ఇరవై ఏళ్ళకి పైగా ఇదే చలిలో పశువుల్ని కాచిన జాన్ వేర్ కథ ప్రతి నోటా ఉన్న రాష్ట్రం ఇది. ఉత్తర్వు అమలు కాకుండానే రద్దయింది గానీ, ఆ ఉద్దేశం రద్దు కాలేదు. మన పెద్దలకీ అప్పట్లో తలుపు అలాగే మూసి ఉంది. 1908 నుంచి ఉన్న నిబంధన ప్రకారం పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా ఏకబిగిన ప్రయాణం చేసి రావాలి. భారతదేశం నుంచి అలాంటి ఓడే లేదు. 1967లో పాయింట్ల పద్ధతి వచ్చాక గానీ మాస్టారి తరం ఇంజినీర్లూ ఉపాధ్యాయులూ ఇక్కడ దిగలేదు.

ఆ తలుపు సందులోంచి 1911 చుట్టుపక్కల ఓక్లహోమా నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాల్లో ఒకదాని మనవరాలు వయొలెట్ కింగ్. 1929లో కాల్గరీలో పుట్టింది. తండ్రి రైల్లో పడక బోగీ సేవకుడు, తల్లి కుట్టుపని చేసేది. క్రెసెంట్ హైట్స్ హైస్కూల్లో చదువుతున్నప్పుడే పాఠశాల వార్షిక సంచికలో ఆమె ఆశయం అచ్చయింది: క్రిమినల్ లాయరు కావడం. యూనివర్సిటీ ఆఫ్ ఆల్బర్టాలో లా తరగతికి ఆమె ఒక్కతే ఆడపిల్ల. 1953లో పట్టా, 1954లో సనదు. కెనడాలో న్యాయవాది అయిన తొలి నల్లజాతి మహిళ ఆమే. ఇక్కడితో ఆపితే చక్కటి కథ. స్కూలు గోడ మీద రాసుకోవచ్చు.

కానీ ఆమె కాల్గరీలో ఎక్కువకాలం ఉండలేదు. ఒట్టావా వెళ్ళి పౌరసత్వ శాఖలో పనిచేసి, తర్వాత అమెరికా వెళ్ళి వై.ఎం.సి.ఎ. సంస్థలో పెద్ద పదవులకి ఎదిగి, 1982లో అక్కడే చనిపోయింది. ఆమె అన్న టెడ్ కింగ్ మాత్రం ఇక్కడే ఉన్నాడు. 1959లో కాల్గరీలో ఒక మోటెల్‌వాళ్ళు నల్లవాళ్ళకి గది ఇవ్వమన్నారు. ఆయన కోర్టుకెక్కాడు. ఓడిపోయాడు. అప్పీలుకి వెళ్ళి, అక్కడా ఓడిపోయాడు. చట్టంలో సత్రం అంటే ఏమిటో ఇచ్చిన నిర్వచనంలోకి ఆ మోటెల్ రాదని తేల్చారు. చట్టం ఇంత గుడ్డిగా ఉందని ఊరంతా చూశాక, 1966లో ఆల్బర్టాలో మానవ హక్కుల చట్టం వచ్చింది. చెల్లెలి పేర ఇప్పుడు ఎడ్మంటన్‌లో ఒక ప్రాంగణం ఉంది. అన్న ఓడిపోయాడు కాబట్టి స్ఫూర్తి జాబితాల్లో ఉండడు. ఇవాళ మనం ఏ హోటల్లోనైనా ధీమాగా గది అడుగుతున్నామంటే అందులో ఆయన ఓటమి వాటా ఎంతో కొంత ఉంది.

ఓడినవాళ్ళ మాట వచ్చింది కాబట్టి, ఒలింపిక్ ప్లాజా దగ్గర 1999లో పెట్టిన ఐదుగురు ఆడవాళ్ళ కంచు విగ్రహాల సంగతి చెప్పాలి. ఎమిలీ మర్ఫీ, నెల్లీ మెక్లంగ్, హెన్రియెటా మ్యూర్ ఎడ్వర్డ్స్, లూయీస్ మెకినీ, ఐరీన్ పార్ల్‌బీ. సెనేట్‌కి అర్హులైన "వ్యక్తుల"లో స్త్రీలు లేరని 1928 ఏప్రిల్‌లో కెనడా సుప్రీంకోర్టు అంటే, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి, 1929 అక్టోబర్ 18న ఉన్నారని తీర్పు తెచ్చుకున్నారు. పాఠాల్లో ఉన్నది ఇదే.

అయితే ఈ తగువు అంతకుముందే మన ఊరి మేజిస్ట్రేటు కోర్టులో రగిలింది. 1916 చివర్లో ఆలిస్ జేమీసన్ అనే ఆవిడ ఇక్కడ మేజిస్ట్రేటు అయింది. 1917లో ఆమె ముందుకు లిజ్జీ సైర్ అనే పేదరాలిని తెచ్చారు. నేరం: నిలువనీడ లేకుండా తిరగడం. ఆ పేరు కింద ఏ పనులకి పట్టుకొస్తారో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆరు నెలల కఠిన శిక్ష పడింది. లిజ్జీ తరఫు లాయరు మెకిన్లీ కామెరాన్, "ఆడది న్యాయాధికారి కాజాలదు, కాబట్టి శిక్ష చెల్లదు" అని పై కోర్టుకెళ్ళాడు. ఆల్బర్టా కోర్టు, "స్త్రీ అయినంత మాత్రాన పదవికి అనర్హురాలు కాదు" అని తేల్చింది. స్త్రీల హక్కు గెలిచింది. ఆ గెలుపు వల్లే లిజ్జీ శిక్ష ఖాయమైంది. స్త్రీజాతికి మేలు చేసిన ఆ కేసులో ఓడిపోయిన కక్షిదారూ స్త్రీయే. ఆమెకు విగ్రహం లేదు.

మనకిది కొత్త సంగతి కాదు. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినది కందుకూరి వీరేశలింగం పంతులుగారని ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఆ పందిట్లో కూర్చున్న పెళ్ళికూతురి పేరు గౌరమ్మ. ఊరూ కులమూ ఒక్కటై వెలివేస్తుంటే పీటల మీద కూర్చోవడానికి పంతులుగారికి కావలసినంత ధైర్యమే ఆ పిల్లకీ కావాలి. మరి గౌరమ్మ పేరు ఎంతమందికి తెలుసు?

ఆ ఐదుగురి విషయంలో ఇంకో ముక్క కూడా రాలింది, ఇది చేదుది. 1928లోనే ఆల్బర్టా శాసనసభ, "మానసికంగా లోపం ఉన్నవాళ్ళకి" పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయొచ్చని చట్టం చేసింది. ఆ ఆలోచనని గట్టిగా ప్రచారం చేసినవాళ్ళలో మర్ఫీ, మెక్లంగ్ ఉన్నారు. పార్ల్‌బీ ఆ ప్రభుత్వంలోనే మంత్రి. 1972లో రద్దయ్యేదాకా దాదాపు 2,800 మందికి ఆ కత్తి తగిలింది. 1944లో ఈ కాల్గరీలోనే పుట్టిన లైలానీ మ్యూర్‌ని తల్లి రెడ్ డీర్‌లోని శిక్షణాలయంలో వదిలేసింది. 1959లో, అపెండిక్సు తీస్తున్నామని చెప్పి, ఆ పిల్లకి తెలియకుండా ఆపరేషను చేశారు. పెళ్ళయి, పిల్లలు కలగక, ఎందుకో వెతుక్కుంటూ పోతే ఆమెకు నిజం తెలిసింది. ఆమె తెలివితేటలు మామూలువేనని కూడా తర్వాతి పరీక్షల్లో తేలింది. 1996లో ప్రభుత్వం మీద గెలిచింది. ఏడు లక్షల నలభై వేల డాలర్ల పరిహారం. ఆ తీర్పు చూసి వందలమంది ముందుకొచ్చారు. ఆమె 2016లో చనిపోయింది. నన్నడిగితే, ఆ ఐదు విగ్రహాలనూ తీసేయొద్దు, పక్కనే లైలానీని నిలబెట్టాలి. ఆరుగురూ ఒకరినొకరు చూసుకోనీ.

జేమ్స్ గ్లాడ్‌స్టన్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఆయన మీద ఒక పూర్తి సాయంత్రం పెట్టుకోవచ్చు. కైనై రైతు. కుర్రతనంలో కాల్గరీలోని ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్లో ఉండి, కాల్గరీ హెరాల్డ్‌లో అచ్చుపని నేర్చుకున్నాడు. 1958లో కెనడా సెనేట్‌లో కూర్చున్న తొలి స్టేటస్ ఇండియన్, అంటే చట్టం ప్రకారం నమోదైన ఆదివాసి. మిగతా సెనేటర్లకు లేని చిత్రమైన స్థితి ఆయనది: ఆయన కూర్చున్న పార్లమెంటుకి ఆయన జనం ఓటు వేయలేరు. తమ హోదా వదులుకోకుండా ఓటు వేసే హక్కు 1960లో వచ్చింది.

డీర్‌ఫుట్ మిగిలాడు. సిక్సికా యువకుడు, అసలు పేరు అపి-కై-ఈస్. 1880ల్లో ఈ ఊళ్ళో పరుగు పందేల్లో ఎక్కడెక్కణ్ణుంచో వచ్చిన పరుగువీరుల్ని ఓడించాడు. పందేలు కాసినవాళ్ళు డబ్బు చేసుకున్నారు. తర్వాత పోలీసు కేసులు, జైలు. 1897లో క్షయతో, పోలీసుల అదుపులోనే చనిపోయాడు. రాష్ట్రంలోకెల్లా రద్దీ రోడ్డుకి ఆయన పేరు పెట్టారు. పొద్దున్న ఎనిమిదింటికి దాని మీద ఎవరూ పరిగెత్తలేరనుకోండి. ఆ రోడ్డు నగరపాలక సంస్థది కాదు, రాష్ట్రానిది. 2022లో కొంతకాలం రాష్ట్ర రవాణా మంత్రిగా ఉన్నదెవరో గుర్తుందా? ప్రసాద్ పండాగారు, ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి, ఇంజినీరుగా వచ్చి, 2015 ఉప ఎన్నికలో కాల్గరీ ఫుట్‌హిల్స్ నుంచి గెలిచి, 2019లో మౌలిక వసతుల మంత్రీ, తర్వాత రవాణా మంత్రీ అయిన మనిషి. తెలుగువాడు మంత్రయ్యాడని ఆనాడు మనం కేకు కోశాం, సరే. ఆయన పార్టీ విధానాలు నచ్చనివాళ్ళు ఈ సభలో ఉన్నారు, వాళ్ళూ కోశారు. నేను కోరేది ఒక్కటే. రేపు మన పిల్లలు ఆయన కథ రాసేటప్పుడు, ఆ మెచ్చుకోలుతో పాటు ఆ అభిప్రాయభేదాల్ని కూడా రాయాలి. ఒడంబడిక నేల మీద, నిన్నమొన్నటిదాకా మూసిన తలుపులోంచి వచ్చిన వలసజాతి మనిషి అధికారంలో కూర్చున్నప్పుడు ఏం చేశాడో, ఏం చేయలేకపోయాడో రాయాలి. కత్తెర మన చేతికొచ్చే కాలం ఇప్పుడే మొదలైంది.

చివరిగా ఒక ప్రతిపాదన, కార్యవర్గం పరిశీలించాలి. మాస్టారి పేరున ఉన్న ఈ స్మారక నిధి వడ్డీతో వచ్చే ఏడు నాలాంటివాణ్ణి పిలిచి శాలువా కప్పే బదులు, సెప్టెంబర్‌లో ఒక ఆదివారం బస్సు మాట్లాడండి. ఇక్కణ్ణుంచి తూర్పుగా గంట, గంటంపావు ప్రయాణం చేస్తే క్లూనీ దగ్గర బ్లాక్‌ఫుట్ క్రాసింగ్ వస్తుంది. అక్కడ సిక్సికావాళ్ళు 2007లో తెరిచిన తమ చరిత్ర మందిరాన్ని తామే నడుపుతున్నారు. క్రోఫుట్ సమాధి ఆ నది పైన గట్టు మీదే ఉంది. చరిత్ర చెప్పేవాళ్ళు వాళ్ళే, వినేవాళ్ళం మనం. ప్రవేశ రుసుము ఉంటుంది, అది నిధి నుంచి కట్టండి. పులిహోర, పెరుగన్నం సంగతి మనం చూసుకుందాం. పిల్లలు అడిగే ప్రశ్నలు ముందే రాసి తెచ్చుకోమని చెప్పండి. మొదటి ప్రశ్న ఆ ఐదు డాలర్ల గురించి అడిగితే బాగుంటుంది.